రెండు కుందేళ్ళని కొట్లాట లేకుండా కలపడం ఎలా? మన సీమ ఎండల్లో పెంచుకునేవాళ్ళ కోసం

ఇంట్లో ఒక కుందేలు ఉంటాది, పాపం ఒంటరిగా ఉందే అని ఇంకోటి తెస్తారు, తెచ్చిన రోజే దాని బోనులోకి వదిలేస్తారు, రెండు నిమిషాలకి ఇల్లంతా బొచ్చే. షాపు వాళ్ళు "జోడీ తీసుకుపోండి సార్" అని అంటగడతారు గానీ ఆ జోడీని కలపడం ఎట్లనో ఒక్క ముక్క చెప్పరు, చాలాసార్లు ఏది ఆడదో ఏది మగదో వాళ్ళకే తెలీదు. అందుకే మొదటి నుంచి చివరిదాకా ఏం చేయాలో ఒకచోట రాస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటాది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. కుందేళ్ళకి తోడు కావాలి, అది నిజమే, కానీ తోడు కంటే ముందు వాటికి జాగా. మన ఊర్లలో గెట్టు తగాదా చూసుంటారు కదా, అన్నదమ్ములే అయినా జానెడు నేల జరిగితే కొడవలి దాకా పోతాది, ఇదీ అంతే. కుందేలు చుబుకం కింద గ్రంథి ఉంటాది, దాన్ని గోడకి, బోనుకి, మీ కుర్చీ కాలికి రుద్దిందంటే "ఇది నాది" అని ముద్ర వేసినట్టు. పెంటికలు అక్కడక్కడ చల్లేదీ, మూలల్లో ఉచ్చ పోసేదీ కూడా అందుకే. కొత్తది వచ్చిందంటే జాగాకి ఎసరు వచ్చిందనే దాని భయం. కింద చెప్పే పనులన్నీ ఆ వాసన గెట్లు మెల్లగా చెరిపేయడానికే అనుకోండి, అప్పుడు ఏ పని ఎందుకు చేస్తున్నామో మీకే అర్థం అవుతాది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఇంగ్లీషు వీడియోల్లో ఇది చెప్పరు, వాళ్ళకి అవసరం లేదు, మనకి మాత్రం ఇదే పెద్ద విషయం. కుందేలు మనలాగా చెమట పట్టి చల్లబడదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల నుంచే బయటికి పోవాల. 25 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడతాది, 30 దాటితే ప్రమాదమే. అనంతపురం, కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మనకి మామూలు. ఆ ఎండలో రెండిట్నీ ఎదురెదురుగా పెట్టి, భయంతో అవి ఉరుకుతుంటే వడదెబ్బ కొట్టి పడిపోతాయి, కొట్లాట కంటే ముందు అదే చంపుతాది.

అందుకని లెక్క వెనక నుంచి వేసుకోండి. సంక్రాంతి లోపల కలపడం అయిపోవాల, శివరాత్రికి చలి శివశివా అని పోయేసరికి రెండూ ఒకేచోట కుదురుకుని ఉండాల. అంటే బోను బయట రెండిట్నీ ఎదురెదురుగా కలిపే పని దీపావళి టపాసులు అయిపోయాక, జాలీకి అటొకటి ఇటొకటి పెట్టేది దసరా టైములో, పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్లు ఆగస్టు, సెప్టెంబర్లో. వినాయక చవితి డీజేలప్పుడు, దీపావళి వారంలో కొత్తగా ఏమీ మొదలుపెట్టకండి, ఆ శబ్దాలకే సగం బెదిరిపోయి ఉంటాయి.

మీరు ఇది ఏప్రిల్లో చదువుతుంటే? ఏం పోయింది, రెండిట్నీ జాలీకి అటూ ఇటూ పెట్టి ఎండలు పోయేదాకా అట్లే ఉంచండి. ఆ నెలలేం వేస్టు కావు, వాసన అలవాటు అవుతూనే ఉంటాది.

ఆపరేషన్, దీనికి షార్ట్‌కట్ లేదు

చాలామంది ఇక్కడే తప్పించుకోవాలని చూస్తారు. ఆపరేషన్ కాని మగవి రెండు పెడితే ఒకదానిదొకటి వృషణాలు కొరికేసే దాకా పోతాయి. ఆడవి రెండైతే కొన్నాళ్ళు బాగుండి తర్వాత ఒకరోజు మొదలవుతాది. ఆడా మగా పెడితే ఏమవుతాదో చెప్పక్కర్లేదు, 31 రోజుల్లో పిల్లలు, ఈనిన రోజే ఆడది మళ్ళీ చూలు కట్టేస్తాది. "అన్నాచెల్లెళ్ళు కదా, ఏమవుతాదిలే" అనేవాళ్ళు ఉంటారు, వాటికి ఆ వరసలు తెలీవు. షాపు నుంచి పిల్లల్ని తెచ్చి ఉంటే మూడు నెలలు నిండకముందే ఆడ మగ చూపించుకుని విడదీయండి.

మగదానికి వృషణాలు దిగాక, అంటే నాలుగు నెలలు అటూ ఇటూగా చేయొచ్చు, ఆడదానికి సాధారణంగా ఆరు నెలల దగ్గర చేస్తారు. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా ఆరు వారాల దాకా కడుపు చేసే శక్తి ఉంటాది, ఇది చాలామందికి తెలీదు, "ఆపరేషన్ అయింది కదా" అని మర్నాడే కలిపేస్తారు. ఆడదానికీ హార్మోన్ల కోపం తగ్గడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఇవ్వండి. అన్నిట్లో సులువుగా కుదిరే జత ఏదంటే ఆపరేషన్ అయిన మగది, ఆపరేషన్ అయిన ఆడది. ఆడదానికి ఇంకో లాభం కూడా ఉంది, వయసు పైబడిన ఆడ కుందేళ్ళలో గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ, ఆపరేషన్‌తో ఆ బాధ ఉండదు.

డాక్టర్ విషయం. మన పశువుల ఆసుపత్రుల్లో గొర్రెలు, బర్రెలు, కుక్కలు రోజూ చూస్తారు, కుందేలు ఎప్పుడో ఒకటి. కాబట్టి ముందే ఫోన్ చేసి "కుందేలుకి ఆపరేషన్ చేస్తారా, ఇంతకుముందు చేశారా" అని మొహమాటం లేకుండా అడగండి. ఇంకో ప్రశ్న కూడా అడగండి: ముందు రోజు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దా అని. కుక్కకైతే కడుపు ఖాళీగా ఉంచాలి, కుందేలుకి అట్ల కాదు, కుందేలు వాంతి చేసుకోలేదు, పైగా దాని పేగులు ఆగితే ప్రాణం మీదికి వస్తాది, కాబట్టి గడ్డి పెడుతూనే ఉండాల. "పన్నెండు గంటలు పస్తు ఉంచి తీసుకురండి" అన్నారంటే ఆయన కుందేళ్ళు చేసే డాక్టర్ కాదని అర్థం, నమస్కారం పెట్టి వేరే చోటికి పొండి. కడప వైపు వాళ్ళు ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీలోనో తిరుపతి కాలేజీలోనో కనుక్కోవచ్చు, అనంతపురం వాళ్ళకి బెంగళూరు, కర్నూలు వాళ్ళకి హైదరాబాద్ నాలుగైదు గంటల ప్రయాణం, అక్కడ చిన్న జంతువులు, పక్షులు చూసే డాక్టర్లు దొరుకుతారు. ఖర్చే, కాదనను. ఇంటికొచ్చాక అదే రోజు గడ్డి ముట్టాల, పెంటికలు పడాల. పది పన్నెండు గంటలైనా తినకపోతే, పెంటికలు పడకపోతే తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.

రెండు మందుల గురించి ఇక్కడే చెప్పేస్తా. కుక్కల గోమార్లకి వాడే ఫిప్రోనిల్ స్ప్రే, చుక్కల మందు కుందేలుకి విషం. నోటితో ఇచ్చే అమాక్సిసిలిన్, పెన్సిలిన్ జాతి మందులు కూడా దాని పేగుల్ని పాడుచేసి చంపేస్తాయి. మెడికల్ షాపు వాడు ఇచ్చాడని ఏదీ వేయకండి.

కొత్తది ఇంటికి వచ్చాక

మొదటి రెండు వారాలు వేరే గదిలో. గజ్జి, చెవి పురుగు, జలుబు ఏమన్నా ఉంటే ఈలోపల బయటపడతాది. ముందు పాతదానికి మేత వేసి తర్వాత కొత్తదాని దగ్గరికి పొండి, చేతులు కడుక్కోండి, అంతే.

తర్వాత రెండు బోన్లు పక్కపక్కన. మధ్యలో రెండు మూడు అంగుళాల సందు కచ్చితంగా ఉండాల, లేకపోతే జాలీలోంచే ముక్కు, పెదవి కొరుక్కుంటాయి. జాలీ కన్నాలు అంగుళం లోపు ఉండేది తీసుకోండి. బోనుకి అడుగున తీగ జాలీ ఉంటే దాని మీద అట్టో గోనెపట్టో వేయండి, పాదాలు పుండ్లు పడతాయి.

ఇప్పుడు అసలు పని. రోజు మార్చి రోజు వాటి చోట్లు మార్చండి, దీని బోనులో అది, దాని బోనులో ఇది. మొత్తం మార్చడం కష్టమైతే కనీసం ఉచ్చ పోసే ట్రేలైనా మార్చండి, ఒకదాని గడ్డి, గుడ్డ ఇంకోదానికి వేయండి. మొదట్లో కొత్త వాసన తగలగానే కాలితో టప్పుమని నేల తంతాది, ట్రే నిండా పెంటికలు పోస్తాది, గుర్రుమంటాది. కంగారు పడకండి. కొన్నాళ్ళకి ఆ ట్రేలో మామూలుగా కూర్చుని గడ్డి నములుతుంటే వాసన గెట్టు చెరగడం మొదలైనట్టే.

మేత కూడా జాలీ దగ్గరే పెట్టండి, అటు ఇటు, రెండూ మొహాలు ఎదురెదురుగా పెట్టి తినేట్టు. పొద్దున్నే తెంపిన గరిక బాగా పని చేస్తాది, కొత్తిమీర కట్ట కూడా. గరిక రోడ్డు పక్కది, మందు కొట్టిన చేలోది వద్దు. మన దగ్గర బుడ్డల కట్టె సులువుగా దొరుకుతాది కదా అని రోజూ అదే వేసేవాళ్ళు ఉన్నారు, పప్పు జాతి మేత అది, క్యాల్షియం జాస్తి, పెద్ద కుందేలుకి రోజువారీ మేతగా పనికిరాదు, పైగా వానకి తడిసి బూజు పట్టిందంటే ఇంకా ప్రమాదం. లేత జొన్న సొప్ప అసలు వద్దు, దాంట్లో విషం ఉంటాదని గొర్రెలు మేపేవాళ్ళకి ఎవరికైనా తెలుసు.

ఎన్ని రోజులు ఇట్లా? రెండూ జాలీకి ఆనుకుని నిమ్మళంగా పడుకునే దాకా. కొన్నిటికి రెండు వారాలు, కొన్నిటికి రెండు నెలలు. జాలీ మీదికి ఉరికి గోళ్ళతో గీరుతున్నన్ని రోజులు తలుపు తీయొద్దు.

ఎదురెదురుగా కూర్చోబెట్టడం

చోటు ముఖ్యం. రెండూ ఎప్పుడూ తిరగని చోటు కావాల. వంటిల్లు, బాత్రూమ్, వరండాలో అడ్డం కట్టిన మూల, పక్కింటి అక్కావాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ హాలు ఇంకా మంచిది. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చాలు. మరీ పెద్ద చోటైతే తరుముకుంటాయి, మరీ ఇరుకైతే తప్పించుకునే దారి లేక కొట్టుకుంటాయి. మిద్దె మీద చలికాలం పొద్దున పూట బాగుంటాది గానీ గద్దలు, కోతులు, పిల్లులు చూసుకోవాల, పిట్టగోడ ఎక్కి దూకే కుందేళ్ళూ ఉన్నాయి.

మన ఇళ్ళల్లో నేలంతా కడప బండలో బేతంచెర్ల బండలో ఉంటాయి కదా, చల్లగా బాగుంటాయి గానీ కుందేలు అరికాలికి మెత్తలు ఉండవు, అంతా బొచ్చే, పాలిష్ బండ మీద నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి జారతాయి. ఒక పక్క ఎదుటిదాని భయం, ఇంకో పక్క జారే భయం, ఉరికితే తొంటి పట్టుకోవచ్చు, వెన్ను విరగొచ్చు. పాత జంఖానా గానీ గోనెపట్టలు గానీ ఉతికి, వాటి వాసన లేనివి పరవండి.

చేతిలో ఉండాల్సినవి: మందం గ్లౌజులు, పాత టవల్, చెత్త ఎత్తే ప్లాస్టిక్ చేట. నవ్వకండి, ఆ చేటే అన్నిటికంటే పనికొస్తాది, రెండూ దూకబోతుంటే మధ్యలో అడ్డం పెడితే ఆగిపోతాయి. ఉత్త చేయి మాత్రం మధ్యలో పెట్టొద్దు, కుందేలు పళ్ళు ఉలి లెక్క దిగుతాయి. పిల్లల్ని, అరిచే కుక్కని బయటికి పంపండి, ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటే చాలు.

టైము తెల్లవారుజామున గానీ సాయంత్రం గానీ. మొదటి రోజు పది నిమిషాలే. బాగుంది కదా అని గంట చేయకండి, బాగున్నప్పుడే ఆపేయాల, రేపటికి అదే గుర్తుంటాది.

ఇక ఏం చూడాలో చెప్తా, ఇదే అసలు విద్య.

రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా మూతి కడుక్కుంటూ, నేల వాసన చూస్తూ ఉంటే చాలా మంచిది. కొత్తవాళ్ళు దీన్ని చూసి "ఏం జరగట్లేదే" అని నిరుత్సాహపడతారు, ఏం జరగకపోవడమే మనకి కావాల్సింది.

ఒకటి వెళ్ళి ఇంకోదాని ముక్కు కింద తల దించి నేలకి ఆనించి కూర్చుంటాది. అంటే "నా తల నాకు" అని అడుగుతున్నట్టు. ఎదుటిది నాకిందంటే సగం పని అయిపోయింది. చాలాసార్లు రెండూ తలలు దించి కూర్చుంటాయి, ఏదీ నాకదు, మంకుపట్టు. అప్పుడు మీరు రెండు తలలూ దగ్గరగా ఉన్నప్పుడు ఒక చేత్తో దీన్ని, ఇంకో చేత్తో దాన్ని నుదుటి మీద మెల్లగా రుద్దండి, ఎదుటిదే నాకుతోందనుకుని మెత్తబడతాయి. నుదుటి మీద రవ్వంత అరటిపండు గుజ్జు పూస్తే కూడా నాకుతాయి, రవ్వంతే, ముద్ద కాదు.

ఒకటి ఇంకోదాని మీద ఎక్కుతాది. ఆపరేషన్ అయినా ఎక్కుతాది, ఆడదైనా ఎక్కుతాది, ఎవరు పెద్ద అనే లెక్క అది. వెనకవైపు నుంచి ఎక్కి పది ఇరవై సెకన్లలో దిగితే వదిలేయండి, ఎక్కువసేపైతే, కిందది భయపడుతుంటే మెల్లగా దించండి. తలవైపు ఎక్కితే మాత్రం వెంటనే దించాల, ఎందుకంటే కిందదాని నోరు సరిగ్గా పైదాని మర్మాంగం దగ్గర ఉంటాది, ఒక్క కొరుకు చాలు.

కొంచెం తరమడం, చిన్నగా గిల్లడం, ఒకటి రెండు బొచ్చు పోగులు లేవడం మామూలే. చెవులు వెనక్కి అతుక్కుపోయి, తోక నిక్కబొడుచుకుని, ఒళ్ళు బిర్రబిగిసి ఒకదాన్నొకటి కళ్ళలోకి చూస్తున్నాయంటే అది దూకే ముందు లక్షణం, చేట అడ్డం పెట్టండి. రెండూ తలా తోకా పట్టుకుని గుండ్రంగా తిరగడం మొదలుపెడితే ఒకటి రెండు సెకన్లే టైము, టవల్ పైన పడేసి విడదీయండి. ఆ రోజుకి అంతే. రక్తం వస్తే కొన్ని రోజులు మళ్ళీ జాలీకే.

ప్రతిసారీ అయ్యాక బొచ్చు పాయలు తీసి ఒళ్ళంతా చూడండి, చెవులు, కనురెప్పలు, పొట్ట కింద, తోక కింద. పైకి ఏమీ కనపడదు, లోపల చిన్న పంటి గాటు ఉంటే నాలుగు రోజులకి చీముగడ్డ అవుతాది. సెలైన్ నీళ్ళతో కడిగి డాక్టర్‌కి చూపించండి. పసుపు పూయకండి, నాకేస్తాయి.

కొంతమంది రెండిట్నీ బుట్టలో పెట్టి బండి మీద ఊరంతా తిప్పితే భయానికి దగ్గరవుతాయి అంటారు. నాకు నచ్చదు. భయపడి అతుక్కుంటాయి గానీ అది స్నేహం కాదు, మన ఎండలకి అసలే కాదు.

ఇట్లా రోజూ ఒకసారి, టైము పెంచుకుంటూ పొండి, పది నుంచి ఇరవై, తర్వాత గంట, తర్వాత మూడు నాలుగు గంటలు. ఒకరోజు వెనక్కి పోతే పోనీ, టైము తగ్గించి మళ్ళీ మొదలుపెట్టండి.

రాత్రి కూడా కలిపి ఉంచేది

మూడు నాలుగు గంటలు తరుముకోకుండా, ఎక్కకుండా, ఆనుకుని పడుకుంటున్నాయి, కొన్ని రోజులుగా ఇదే వరస, అప్పుడు శని ఆదివారాలు చూసుకుని 48 గంటలు ఆ కొత్త చోట్లోనే కలిపి ఉంచండి, మీరూ పక్కనే చాప వేసుకుని పడుకోండి. అర్ధరాత్రి రెండింటికి లేచి చూడాల్సి వస్తాది, సిద్ధంగా ఉండండి.

ఈలోపల, అవి పాత బోనుకి తిరిగి వచ్చే ముందు దాన్ని కొత్త చోటు చేసేయాల. తెల్ల వెనిగర్‌లో నీళ్ళు కలిపి బోను, ట్రేలు, నేల, గోడ కింద రెండడుగులు కడగండి, గుడ్డలు ఉతకండి లేదా పారేయండి, సామాన్లు అటుది ఇటు మార్చండి. దాక్కునే అట్టపెట్టెకి రెండు పక్కలా కన్నాలు కోయండి, ఒకటే దారి ఉంటే లోపల ఇరుక్కున్నది తన్నులు తింటాది. మేతకి రెండు చోట్లు, నీళ్ళకి రెండు మట్టి మూకుళ్ళు, బరువుంటాయి కాబట్టి బోర్లపడవు, నీళ్ళు చల్లగా ఉంటాయి. ట్రే కూడా ముందు పెద్దది కొత్తది పెట్టండి, అడుగున పేపర్, పైన వరిగడ్డి. మొదట్లో చిన్న చోటే ఇచ్చి, కొన్ని రోజులకొకసారి కొంచెం కొంచెం పెంచండి. ఒకేసారి ఇల్లంతా వదిలితే మళ్ళీ పాత ముద్రలు గుర్తొస్తాయి.

కుదరకపోతే

కొన్ని జతలు కుదరవు. నెలల తరబడి చూసినా రక్తమే అయితే వదిలేయండి, జాలీకి అటూ ఇటూ జీవితాంతం ఉంచొచ్చు, ఒకదాని వాసన ఒకదానికి తగులుతూ ఉంటాది, అది ఒంటరితనం కంటే నయం. ఆపరేషన్ చేయించే స్తోమత లేనివాళ్ళకి కూడా నేను చెప్పేది ఇదే, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇంకోటి, చేలల్లో దొరికిన చెవులపిల్లి పిల్లని తెచ్చి ఇంటి కుందేలుకి జత చేస్తామని అడిగేవాళ్ళు ఉన్నారు. అది వేరే జాతి, ఈ రెండూ కలవవు, పైగా 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడమే నేరం. చూసిన చోటే వదిలేయండి, తల్లి పగలంతా దూరంగా ఉండి చీకటి పడ్డాక పాలివ్వడానికి వస్తాది.

కలిశాక

విడదీయకండి, ఇదొక్కటే రూలు. ఒకదానికి జబ్బు చేసి డాక్టర్ దగ్గరికి పోవాల్సి వస్తే రెండిట్నీ ఒకే బుట్టలో తీసుకుపొండి, ఆసుపత్రి వాసన ఒకదానికే అంటుకుంటే ఇంటికొచ్చాక రెండోది దాన్ని గుర్తుపట్టక మీద పడతాది. రాత్రి అక్కడే ఉంచుకోవాల్సి వస్తే వచ్చాక ఒక పూట జాలీ పక్కన పెట్టి చూసి కలపండి. ఎండాకాలంలో ప్రయాణమైతే తెల్లవారుజామునే బయల్దేరండి, నీళ్ళ బాటిల్ గడ్డకట్టించి గుడ్డ చుట్టి బుట్టలో పెట్టండి, ఆనుకుని పడుకుంటాయి. నోరు తెరిచి రొప్పుతుంటే, చెవులు ఎర్రగా కాలిపోతుంటే ఐసు నీళ్ళు పోయకండి, మామూలు నీళ్ళతో చెవులు తడిపి నీడకి, గాలికి తెచ్చి డాక్టర్‌కి ఫోన్ చేయండి. మార్చి వచ్చేలోపల కూలర్ గడ్డి మార్పించుకోండి, మన పొడి ఎండలకి కూలర్ బాగానే పని చేస్తాది, కరెంటు పోయే ఊర్లో ఉంటే కిటికీకి తడి గోనెపట్ట కట్టడం అలవాటు చేసుకోండి.